ఇవాళ ఏం రోజో తెలుసా?

ఆల్డిస్ బ్యార్నసన్‌కి మామూలు రోజంటూ ఒక్కటీ లేదు. అందరికీ సోమవారం తర్వాత మంగళవారం వస్తుంది. ఆవిడకి చిత్తడి నేలల దినోత్సవం తర్వాత క్యాన్సర్ దినోత్సవం, అది వెళ్ళీ వెళ్ళకముందే పప్పుధాన్యాల దినోత్సవం వచ్చేవి. మా ఊరు పెలికన్ రీచ్‌లో పుట్టినరోజు మరిచిపోయినవాళ్ళున్నారు, పెళ్ళిరోజు మరిచిపోయి సోఫా మీద పడుకున్నవాళ్ళున్నారు గానీ, ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం మరిచిపోయినవాడు మాత్రం లేడు. ఆవిడ మరిచిపోనిస్తే కదా!

డెబ్బై దాటిన మనిషి. ఒంటి మీద ఆకుపచ్చ ఉన్ని కోటు, దాని నిండా రిబ్బన్లు. మూత్రపిండాలకొకటి, ఊపిరితిత్తులకొకటి, తేనెటీగలకొకటి, మట్టికొకటి. గుండెకి ఎర్ర రిబ్బను గుండె దగ్గరే పెట్టుకునేది, కాలేయానిది ఎటువైపు పెట్టాలో ఎవర్నో అడిగి మరీ పెట్టుకుంది. మా సరస్సు గడ్డకట్టి ఎటు చూసినా తెల్లగా ఉండే రోజుల్లో ఆ కోటు మైలు దూరం నుంచి కనబడేది. దాక్కోవాలనుకున్నవాడికి బోలెడు వ్యవధి ఉండేది. అయినా దాక్కున్నవాడు ఒక్కడూ లేడు, ఎందుకో మరి.

తలుపు తీయగానే పలకరింపు ఒకటే.

"ఐనార్, ఇవాళ ఏం రోజో తెలుసా?"

"మంగళవారం."

"మంగళవారం ప్రతి వారం వస్తుంది. ఇది ఏడాదికి ఒక్కసారే! ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం."

"అయితే నన్నేం చెయ్యమంటావు? కొవ్వొత్తి వెలిగించాలా?"

"కడగాలి. పద, చూపించు."

ఐనార్ ముసలి జాలరి. ఒంటరివాడు. అరవయ్యేళ్ళు సరస్సులో వలలు లాగిన చేతులతో ఆ రోజు బ్రష్షు పట్టుకున్నాడు. ఆల్డిస్ గుమ్మానికి చేరబడి, మరుగుదొడ్డే లేని జనం లోకంలో ఎంతమంది ఉన్నారో చెబుతూ నిలబడింది. "ఆ మూల వదిలేశావు" అని మధ్యమధ్యలో వేలు చూపించింది. ఆ తర్వాత ఇద్దరూ కాఫీ తాగారు. "మనిషికి ఇంట్లో స్వేచ్ఛ లేకుండా పోయింది!" అని ఐనార్ వారం రోజులపాటు కో-ఆప్ కొట్టులో కనబడినవాడికల్లా చెప్పుకుని వాపోయాడు. అన్ని మాటలు ఐనార్ నోట విని ఎన్నేళ్ళయిందోనని జనం ఆశ్చర్యపోయారు.

నిద్ర దినోత్సవం నాడు మధ్యాహ్నం తలుపులు బాదేది. "నిద్రపోతున్నావా?" "ఇప్పటిదాకా పోతూనే ఉన్నాను." "శభాష్!" వినికిడి దినోత్సవం నాడు గేటు దగ్గర నిలబడి గుసగుసగా మాట్లాడేది. విన్నవాడికి చప్పట్లు, విననివాడికి చెవుల డాక్టరు ఫోన్ నంబరు. ట్యూనా చేపల దినోత్సవం నాడు ఒక డబ్బా పట్టుకుని వస్తే ఐనార్‌కి నిజంగానే కోపం వచ్చింది. "పికరెల్ చేప పట్టే ఇంటికి డబ్బా చేప తెస్తావా, ఎంత పొగరు నీకు!" అని తలుపు మూసి, మళ్ళీ తీసి, "లోపలికి రా, చలి" అన్నాడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పని లేకుండా మేం ఎవరి తలుపూ తట్టం. ఏడాదిలో సగం చలి, ఇళ్ళు దూరం దూరం, మనుషులు మహా మొహమాటస్థులు. మంచుకి కన్నం వేసే బర్మా అడగడానికి వెళ్ళొచ్చు. గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళొచ్చు. "ఊరికే వచ్చాను" అని గుమ్మంలో నిలబడితే మాత్రం అవతలివాళ్ళు కంగారుపడతారు. వీడికేదో జబ్బు చేసి ఉండాలి, లేకపోతే కొత్త మతం పుచ్చుకుని ఉండాలి అనుకుంటారు. పోనీ వెళ్ళి "ఎలా ఉన్నావు?" అని అడిగితే మాత్రం ఏం లాభం? ఊరంతటికీ కలిపి ఒకటే జవాబు: "అంత చెడ్డగా ఏం లేదు." ఐనార్ ఒకసారి మంచు మీద జారి, కాలు ఒంగకూడని చోట ఒంగి పడి ఉన్నప్పుడు అంబులెన్సువాళ్ళతో కూడా అదే అన్నాడు. వాళ్ళు ఈ చుట్టుపక్కలవాళ్ళు కాబట్టి సరిపోయింది, మాట పట్టించుకోకుండా స్ట్రెచరు దింపారు.

ఎవరైనా పోతే మాత్రం ఊరంతా కదిలి వస్తుంది. రెండు వారాలు గిన్నెల మీద గిన్నెలు. అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు, బంగాళాదుంప కుడుములు, ఎండు ప్లమ్ పళ్ళు పెట్టిన పొరల కేకులు. తర్వాత ఆ గిన్నెలన్నీ కడిగి ఒక్కొక్కటే తిరిగి ఇచ్చేస్తారు. ఆఖరి గిన్నె వెళ్ళిపోయిందంటే ఆ ఇంటికి రావడానికి ఇక ఎవరికీ కారణం ఉండదు.

మైరన్ కోవల్ మాత్రం ఒక గిన్నె తిరిగి ఇవ్వలేదు. అతని భార్య నెటీ పోయినప్పుడు వచ్చిన గాజు గిన్నె అది, కో-ఆప్‌లో కాఫీ బల్ల చూసుకునే డోరీన్‌ది. మరిచిపోయాడనుకునేరు, మైరన్ ఏదీ మరిచిపోయే రకం కాదు. డోరీన్ అడగడానికి వస్తుంది కదా, వస్తే కాఫీ పెట్టి కాసేపు కూర్చోబెడదాం అని అతని ఆశ. డోరీన్ మర్యాదస్థురాలు, అడగలేదు. గిన్నె మూడేళ్ళుగా తళతళా మెరుస్తూ పొయ్యి పక్కన కూర్చుంది. మైరన్ దాన్ని వారం వారం కడిగేవాడు, ఎప్పుడు వస్తుందో ఏమోనని.

మైరన్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ విమానాశ్రయం పక్కన వాతావరణ కేంద్రంలో పరిశీలకుడు. గంటగంటకీ బయటికి వెళ్ళి, ఆకాశం చూసి, కంటికి కనబడింది కనబడినట్టు పంపడం పని. లేని మబ్బు ఉందని చెప్పడు, ఉన్న మబ్బు లేదని చెప్పడు. తన పెళ్ళిలో ప్రమాణాలు చదువుతుండగా గడియారం చూసుకుని, "ఒక్క నిమిషం" అని చర్చి బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చినవాడు. ఆ రోజు సెలవు పెట్టాడు పాపం, అయినా అలవాటు. నెటీ పూలగుత్తి పట్టుకుని అక్కడే నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగింది. "పల్చటి మబ్బు, గాలి లేదు" అన్నాడు. "అయితే సరే, చేసుకుంటాను" అంది నెటీ.

ఆ అడిగే మనిషి లేకుండా పోయింది. రిటైరైనా పెరట్లో మంచు కొలవడం మానలేదు మైరన్. కొలిచి లోపలికి వచ్చి, వంటింట్లోకి చూస్తూ ఆ లెక్క పైకే చెప్పేవాడు. రిఫ్రిజిరేటరు ఒక్కటే గుర్రుమనేది. తను చెప్పింది వినడానికి ఎవరూ లేకపోవడం ఎంత బాధో, పంపడానికి ఎవరూ లేని వాతావరణ నివేదిక తయారు చేసేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అలాంటి ఇంటికి ఆల్డిస్ వచ్చేది. వచ్చినప్పుడల్లా మైరన్ చిరాకుపడేవాడు. చిరాకుపడడానికి వీలుగా, ఏ రోజు ఏ దినోత్సవమో ముందే గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని చూసుకుని, జవాబు సిద్ధం చేసుకుని, రెండు కప్పులు కడిగి పెట్టుకునేవాడు. మార్చిలో వాతావరణ దినోత్సవం నాడు ఆవిడ మేఘం ఆకారంలో కేకు చేసి తెచ్చింది.

"ఏ జాతి మేఘం ఇది?" అన్నాడు మైరన్, కళ్ళజోడు సవరించుకుని.

"తినే జాతి."

"అడుగు చదునుగా ఉంది. తల గుండ్రంగా ఉంది. పక్కన ఈ తోక ఏమిటి? ఇలాంటి మేఘం ప్రకృతిలో లేదు."

"ఇప్పుడు నీ కడుపులోకి వెళ్ళాక అక్కడా ఉండదు. కత్తి ఇలా ఇయ్యి."

కేకంతా తప్పులే. మైరన్ ఒక్కొక్క తప్పూ వివరంగా చెబుతూ మూడు ముక్కలు తిన్నాడు.

జనవరి చివర్లో ఒక పొద్దున మళ్ళీ తలుపు మోగింది. ఆ రోజుకి దినోత్సవమేదీ లేదని మైరన్‌కి తెలుసు. అసలు ఆ రోజు ఎవరితోనూ మాట్లాడే ఉద్దేశమే లేదు. నెటీ పోయిన రోజది. కర్టెన్లు వేసుకుని, ఆవిడ స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని, రోజంతా ఏడవాలని కూర్చున్నాడు.

"మైరన్! ఇవాళ ఏం రోజో తెలుసా?"

తెలుసు, బాగా తెలుసు అనుకున్నాడు. పైకి మాత్రం, "ఏమీ కాదు" అన్నాడు.

"అంతర్జాతీయ తలుపు బందుల దినోత్సవం! లోకంలో ఎన్ని తలుపులు కీచుమంటున్నాయో నీకేమైనా పట్టిందా? ఇంత పెద్ద ఇల్లు, ఎన్ని తలుపులున్నాయో, జరుగు." చేతిలో నూనె డబ్బా ఉంది. మైరన్ జరిగాడు. జరక్కపోతే కాలి మీద పోసేలా ఉంది.

ఇక చూడండి, అటక తలుపు దగ్గర మొదలుపెట్టి అల్మారాల దాకా వదల్లేదు. "ఈ నూనె పనికిరాదు, చలికి గడ్డకడుతుంది" అని మైరన్. "గడ్డకట్టేది నూనె కాదు, నువ్వు" అని ఆవిడ. నేల మీద నూనె ఒలికితే మైరన్ జారి స్నానాలగది తలుపు పట్టుకున్నాడు, అది చప్పుడు లేకుండా తెరుచుకుని అతన్ని తొట్టెలోకి చేర్చింది. "చూశావా, ఎంత మెత్తగా తెరుచుకుందో!" అంది ఆల్డిస్. మైరన్ తొట్టెలో కూర్చునే నవ్వాడు. కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

సాయంత్రం ఆవిడ వెళ్ళిపోయాక కుర్చీ మీద స్వెట్టరు కనబడింది. నెటీ పోయిన రోజున నవ్వానా నేను? తొట్టెలో పడి ఇకిలించానా? తన మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దాన్ని ఆల్డిస్ మీద పెట్టాడు. మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి వెతికాడు. తలుపు బందులకి ఏ దేశంలోనూ, ఏ భాషలోనూ దినోత్సవం లేదు. పోయినేడు ఇదే సమయానికి ఆవిడ నిచ్చెన మోసుకొచ్చి, శుభ్రంగా వెలుగుతున్న బల్బులన్నీ మార్చి వెళ్ళిన "ప్రపంచ బల్బుల దినోత్సవం" కూడా లేదు.

కో-ఆప్‌లో పొద్దుటి కాఫీ వేళకి వెళ్ళాడు. బల్ల చుట్టూ ఐనార్, మరో నలుగురూ ఉన్నారు. ఆల్డిస్ చక్కెర కలుపుకుంటోంది. మైరన్ కూర్చోలేదు.

"తలుపు బందుల దినోత్సవం ఎవరు ప్రకటించారు ఆల్డిస్?"

డోరీన్ కాఫీ పోస్తున్న చెయ్యి ఆగింది. ఐనార్ బల్ల కింద నుంచి మైరన్ కాలు తన్నాడు. మైరన్ కాలు తీసి పక్కన పెట్టాడు.

"చెప్పు. ఏ సంస్థ? ఏ సంవత్సరం?"

"లేదు మైరన్" అంది ఆల్డిస్ మెల్లగా.

"లేదా? మరి బల్బులది?"

"అదీ లేదు."

"అంటే అబద్ధాలు చెప్పి మా ఇళ్ళలోకి వస్తున్నావన్నమాట. నిజం దినోత్సవాలు పెట్టినవాళ్ళు దేనికోసమో ఆలోచించి పెట్టారు. జబ్బులు, చదువులు, సైన్సు! నువ్వు వాటితో ఆటలాడుతున్నావు."

ఆల్డిస్ చెంచా కప్పులోంచి తీసి, నాప్కిన్‌తో తుడిచి, బల్ల మీద పెట్టింది. "నిజమే. అబద్ధాలే" అంది. కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. మంచులో ఆ కోటు చాలాసేపు కనబడింది. తను గెలిచానని మైరన్ అనుకున్నాడు. కాఫీ మాత్రం చేదుగా ఉంది.

ఆ తర్వాత మా ఊళ్ళో రోజులన్నీ మామూలు రోజులైపోయాయి. పప్పుధాన్యాల దినోత్సవం వచ్చింది, బఠాణీ సూపు రాలేదు. రేడియో దినోత్సవం వచ్చింది, ఎవరి రేడియో పాడైందో అడగడానికి ఎవరూ రాలేదు. వినికిడి దినోత్సవం నాడు మైరన్ కిటికీ కొంచెం తెరిచి, గేటు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. గాలి తప్ప ఏమీ వినబడలేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయని ఖాయమైంది, దానివల్ల ఒరిగిందేమీ లేదు. తలుపులన్నీ ఇప్పుడు చప్పుడు లేకుండా తెరుచుకుంటున్నాయి, అదింకా ఘోరం. ఇంట్లో ఆ కీచుమనే చప్పుడైనా మిగల్లేదు.

వాతావరణ దినోత్సవం వచ్చింది. మైరన్ పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు కప్పులూ, కేకు కోసే కత్తీ బల్ల మీద పెట్టాడు. రాదని తెలుసు. తెలిసి కూడా కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. మబ్బు పట్టింది, అచ్చం పుస్తకంలో బొమ్మలా, తప్పే లేని మేఘం. దాన్ని చూస్తుంటే మైరన్‌కి దుఃఖం ఆగలేదు. ఆ చదును అడుగూ, గుండ్రటి తలా, పక్కన తోకా ఉన్న వెర్రి మేఘం కావాలనిపించింది. కత్తి తీసి సొరుగులో పెట్టేసి కో-ఆప్‌కి బయల్దేరాడు.

అక్కడ ఐనార్, డోరీన్ ఇద్దరే ఉన్నారు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"విన్నావా?" అంది డోరీన్. "ఆల్డిస్ ఇల్లు అమ్మకానికి పెట్టింది. వాకిట్లో బోర్డు పాతేశారు. బ్రాండన్ పట్నంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుందట."

మైరన్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను చెప్పింది నిజమేగా? దినోత్సవాలు అబద్ధమేగా?"

"నాకు తెలుసు" అన్నాడు ఐనార్. "డిసెంబరులో నా దగ్గరికొచ్చి 'ప్రపంచ ముడుల దినోత్సవం' అంటుంది. వల ముడులు నేర్పమంటుంది. ఏటా మొదటి నుంచీ మొదలు, ఇప్పటికి ఒక్క ముడీ రాలేదు ఆవిడకి. ముడులకి దినోత్సవం ఉంటుందా? నేనేమన్నా పిచ్చివాణ్ణా?"

"డిసెంబరులో ఎప్పుడు?"

ఐనార్ కప్పులోకి చూశాడు. "మా తమ్ముడు మంచు విరిగి సరస్సులో పడిపోయిన రోజున."

డోరీన్ బల్ల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ అంది: "నాకు చెంచాల దినోత్సవం. నా మొగుడు హాకీ ఆట చూడ్డానికని విన్నిపెగ్ వెళ్ళి ఇంక రాని రోజున. ఆట అయిపోయి పదకొండేళ్ళయింది. ప్రతి ఏడూ ఆ రోజు ఆల్డిస్ వచ్చి, ఇంట్లో ఉన్న చెంచాలన్నీ నాతో తోమిస్తుంది. తిట్టుకుంటూ తోముతాను. వాణ్ణి తిట్టుకునే తీరిక ఉండదు."

నూనె డబ్బా, తొట్టె, స్వెట్టరు అన్నీ ఒకేసారి మైరన్ కళ్ళ ముందు తిరిగాయి. "అంటే మీకు ముందే తెలుసా?"

"ఊరందరికీ తెలుసు. నీకొక్కడికే తెలీదు."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఇంక రాదుగా" అన్నాడు ఐనార్. "నువ్వు అడిగావు. వచ్చిందా?"

"మరి మీరైనా వెళ్ళి చెప్పొచ్చుగా ఆవిడకి, ఉండిపొమ్మని!"

"ఏమని వెళ్తాం?" అంది డోరీన్. "ఆవిడ గిన్నెలు కూడా మా ఇళ్ళలో లేవు. ఆవిడ మొగుడు పోయినప్పటి గిన్నెలు తిరిగొచ్చేశాక అసలు ఆ ఇంట్లో ఎవరం అడుగు పెట్టాం? ఎప్పుడూ ఆవిడే మన తలుపు తట్టేది. అంతెందుకు, నా గాజు గిన్నె మూడేళ్ళుగా నీ దగ్గరుంటే ఒక్కసారైనా వచ్చి అడిగానా నేను?"

"ఎందుకు అడగలేదు? ఎదురు చూశాను!"

"అడిగితే ఇచ్చేస్తావుగా! ఇచ్చేస్తే ఆ తర్వాత ఏ వంకతో రాను?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంత దద్దమ్మలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం మా కో-ఆప్ చరిత్రలో లేదు.

మైరన్ లేచాడు. జన్మలో లేని మబ్బు ఉందని చెప్పనివాడు. చెవులు ఎర్రబడ్డాయి, గొంతు సవరించుకున్నాడు, ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. "ఇవాళ" అన్నాడు, "ఇవాళ వాతావరణ దినోత్సవం ఒక్కటే కాదు. ఇంకోటి కూడా ఉంది. మీ ఇళ్ళలోంచి చెరో కుర్చీ తెచ్చుకోండి."

సాయంత్రం వెలుగుండగానే, మంచు దారిలో ముగ్గురు ముసలివాళ్ళు నెత్తిన కుర్చీలు పెట్టుకుని వరసగా నడిచి వెళ్ళడం ఊరంతా కిటికీల్లోంచి చూసింది. ఆల్డిస్ వాకిట్లో "ఇల్లు అమ్మబడును" అనే బోర్డు గాలికి ఊగుతోంది. మైరన్ తలుపు తట్టాడు. లోపల చాలాసేపు చప్పుడు లేదు. ఆ తలుపు తట్టిన చప్పుడు విని ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదేమో పాపం, అలవాటు లేని పని.

తలుపు తెరుచుకుంది. ఒంటి మీద కోటు లేదు. రిబ్బన్లు లేకుండా ఆవిడ చాలా చిన్నగా కనబడింది.

"ఆల్డిస్, ఇవాళ ఏం రోజో తెలుసా?" అన్నాడు మైరన్.

"సోమవారం" అంది పొడిగా.

"సోమవారం ప్రతి వారం వస్తుంది. ఇది ఏడాదికి ఒక్కసారే. ప్రపంచ రెండో కుర్చీ దినోత్సవం."

ఆవిడ అతని చెవుల వైపు చూసింది. అబద్ధం చెబుతున్నట్టు అవి ఊరంతటికీ చాటుతున్నాయి.

"దేనికది?"

"ప్రతి ఇంట్లోనూ ఒక రెండో కుర్చీ ఉంటుంది" అన్నాడు మైరన్, దారిలో పదిసార్లు అనుకున్నది అనుకున్నట్టు అప్పజెబుతూ. "ఎవరూ కూర్చోనిది. అది గట్టిగా ఉందో లేదో చూస్తే తెలీదు. ఎవరైనా వచ్చి కూర్చోవాలి. లోకంలో ఎన్ని రెండో కుర్చీలు అలా పడి ఉన్నాయో ఎవరికీ అవగాహన లేదు."

"ఎవరు ప్రకటించారు? ఏ సంస్థ?"

"నేనే. మధ్యాహ్నం. కో-ఆప్‌లో."

"రిబ్బను ఏది?"

మైరన్ తెల్లబోయాడు. రిబ్బను సంగతే గుర్తు రాలేదు.

"రిబ్బను లేకుండా దినోత్సవమా? సైన్సు తెలిసినవాడివి, ఇంత అన్యాయమా!" అంది ఆవిడ. డోరీన్ జేబులో తడిమి, కేకు డబ్బాకి కట్టే పురికొస ముక్క తీసి ఇచ్చింది. ఆల్డిస్ దాన్ని తన స్వెట్టరుకి ముడి వెయ్యబోయి వెయ్యలేకపోయింది. "ఎన్నేళ్ళు నేర్పాను!" అని ఐనార్ విసుక్కుంటూ తనే వేశాడు.

లోపల ఒక బల్ల, దాని మీద ఒక్క కాఫీ కప్పు, ఒక దీపం, ఒక పొయ్యి. బల్లకి ఇటొక కుర్చీ, అటొకటి. ఇటువైపుది అరిగిపోయి ఉంది. అటువైపుది కొత్తగా మెరుస్తోంది.

"అది మా ఆయనది" అంది ఆల్డిస్. "ఆయన పోయాక రెండు వారాలు గిన్నెలొచ్చాయి. గిన్నెలు వెళ్ళిపోయాయి. తర్వాత తలుపు మోగనేలేదు. మే నెలలో ఒక రోజు ఎవరో నర్సు పిల్ల వచ్చి, 'అమ్మా, ఇవాళ రక్తపోటు దినోత్సవం, చెయ్యి ఇలా ఇవ్వండి' అంది. ఇచ్చాను. పట్టీ కట్టి, మణికట్టు పట్టుకుని కూర్చుంది. నన్ను ఇంకో మనిషి ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది నాకు. రక్తపోటు బాగానే ఉందట. ఆ దినోత్సవం పెట్టిన మహానుభావులు దేనికోసం పెట్టారో గానీ, నాకు మాత్రం దానికోసమే పెట్టారనిపించింది. ఇలాంటి రోజులు ఇంకా ఎన్ని ఉన్నాయా అని వెతికాను. చాలా ఉన్నాయి. సరిపోలేదు, అంతే. కావలసిన రోజుకి లేకపోతే నేనే పెట్టాను."

ఆవిడ పురికొస రిబ్బను సవరించుకుంది.

"నువ్వెలా ఉన్నావు మైరన్?" అంది ఆల్డిస్.

ఊరి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మైరన్ దాన్ని మింగేశాడు. "బాగాలేదు" అన్నాడు. "నువ్వు రాకపోయేసరికి అస్సలు బాగాలేదు. ఆ రోజు కో-ఆప్‌లో నేనన్నది తప్పు. వెళ్ళకు ఆల్డిస్."

మా ఊళ్ళో అలాంటి మాట ఎవరూ వినలేదు. డోరీన్ గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. ఐనార్‌కి అంత బాహాటమైన మాట తట్టుకోవడం కష్టమైంది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, తను మోసుకొచ్చిన కుర్చీ సంగతే మరిచిపోయి, "ముందు దినోత్సవం సంగతి చూద్దాం" అని వెళ్ళి, మెరుస్తున్న ఆ రెండో కుర్చీలో బరువంతా వేసి కూర్చున్నాడు.

ఏళ్ళ తరబడి ఎవరూ కూర్చోని కుర్చీ. పొయ్యి వేడికి జిగురంతా ఎండిపోయింది. ఫటుక్కుమని కాలు ఒకవైపు, ఐనార్ ఒకవైపు, కాఫీ కప్పు ఒకవైపు ఎగిరాయి.

"చూశావా!" అని అరిచాడు మైరన్. "చెప్పానా! అవగాహన లేకపోతే ఇలాగే ఉంటుంది!"

"ఐనార్! ఎలా ఉన్నావు?" అంటూ ఆల్డిస్ పరిగెత్తింది.

"అంత చెడ్డగా ఏం లేదు" అన్నాడు ఐనార్ బల్ల కింద నుంచి.

ఆల్డిస్ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక అరిగిపోయిన తన కుర్చీని పట్టుకుని, పురికొస రిబ్బను ఊగేలా నవ్వింది. డోరీన్ నవ్వింది, మైరన్ నవ్వాడు. ఈసారి ఎవరి మీదా కోపం రాలేదు అతనికి.

ఐనార్ లేచి నడుము రుద్దుకుంటూ విరిగిన కాలు చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత కిటికీలోంచి వాకిట్లోకి చూశాడు.

"ఆల్డిస్, ఆ బోర్డుకున్న కర్ర గట్టిదేనా?"

"ఎందుకు?"

"కుర్చీకి కాలు కావాలి."

ఆవిడ కూడా కిటికీలోంచి చూసింది. చూసి, కప్పులకోసం అల్మారా వైపు తిరిగింది.

"పీక్కురా" అంది. "ఇంక దానికి వేరే పనేం లేదు."